కష్టం చేసే ఒంటికీ గుండె జబ్బు వస్తుంది

పామర్‌స్టన్ నార్త్: ఒళ్లు వంచి పనిచేసేవాడికి గుండె జబ్బు రాదని మనలో ఒక నమ్మకం ఉంది. అది కుర్చీలో కూర్చునే షావుకార్లకు, అరవై దాటిన పెద్దవాళ్లకు వచ్చే జబ్బు అనుకుంటాం. రెండూ నిజం కాదు.

గుండెపోటు వచ్చినవాళ్లను 52 దేశాల్లో పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం ఉంది. అందులో మన దక్షిణాసియా వాళ్ల లెక్కలు 2007లో విడిగా వచ్చాయి. మొదటి గుండెపోటు వచ్చిన వయసు మిగతా దేశాలవాళ్లలో దాదాపు 59 ఏళ్ల దగ్గర ఉంటే, మనవాళ్లలో 53 దగ్గరే ఉంది. సుమారు ఆరేళ్లు ముందే అన్నమాట. దీనికి కారణం తలరాత కాదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. పొగ, షుగర్, బీపీ, చెడ్డ కొలెస్ట్రాల్ చిన్న వయసులోనే పట్టుకోవడం, కూరగాయలూ పండ్లూ వ్యాయామమూ తక్కువ కావడమే ముఖ్య కారణాలు. వీటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే.

మేం డాక్టర్లం కాదు. టైమ్‌షీట్లు, సెలవు కాగితాలు చూసుకునే గుమాస్తాలం. అయినా క్యాంపుల్లో, హాస్టళ్లలో, నలుగురైదుగురు కలిసి అద్దెకున్న ఇళ్లలో ఉండే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పనికొస్తుందని తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాం. ఊళ్లో అప్పు, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు అన్నీ మన ఒక్క గుండె మీదే నడుస్తున్నాయి మరి.

ముప్పై నిండితే పరీక్ష

న్యూజిలాండ్ ఆరోగ్య శాఖ 2018లో డాక్టర్లకు ఇచ్చిన సూచనల్లో మన పేరు విడిగా ఉంది. మామూలుగా మగవాళ్లకు 45, ఆడవాళ్లకు 55 ఏళ్లకు గుండె పరీక్ష మొదలుపెట్టాలి. దక్షిణాసియా వాళ్లయితే మగవాళ్లకు 30కే, ఆడవాళ్లకు 40కే మొదలుపెట్టాలి. బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ చూసి, పొగ తాగుతారా, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని అడిగి, వచ్చే అయిదేళ్లలో ముప్పు ఎంతో లెక్కకట్టి చెబుతారు. డాక్టర్ దగ్గర "హార్ట్ చెక్ కావాలి" అంటే చాలు.

అంతదాకా ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. దర్జీ టేపుతో నడుము కొలవండి. మనవాళ్లలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి. చేతులూ కాళ్లూ సన్నగా ఉన్నా పొట్ట ముందుకొస్తే అది మంచి గుర్తు కాదు.

సత్తువ డబ్బాలో లేదు

మధ్యాహ్నం పళ్లెం నిండా తెల్లన్నం తింటాం. అది తొందరగా చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. కాసేపటికి కళ్లు మూతపడతాయి. షిఫ్టు ఇంకా సగం ఉంటుంది. అప్పుడు చెయ్యి ఎనర్జీ డ్రింక్ మీదికి పోతుంది.

అర లీటరు డబ్బాలో సుమారు 50 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే 12 టీ చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు ఆ ఒక్క డబ్బాతోనే అయిపోతుంది. అందులోని కెఫీన్ బలం ఇవ్వదు. అలసట కబురు మెదడుకు అందకుండా అడ్డుపడుతుంది, అంతే. రాత్రి నిద్ర చెడుతుంది, తెల్లారి మళ్లీ డబ్బా కావాలి. బీపీ ఉన్నవాళ్లు, గుండె దడ ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

దీనికి మందు పళ్లెంలోనే ఉంది. అన్నం మానక్కర్లేదు. పళ్లెంలో సగం కూర, ఆకుకూర. పావు వంతు అన్నం. మిగతా పావు పప్పు, గుడ్డు, చేప లేదా చికెన్. మేం ఉండే ఇంట్లో కుక్కర్లో వేసే బియ్యం ఒక గ్లాసు తగ్గించి, పప్పు అర గ్లాసు పెంచాం. ఇక్కడ దొరికే సిల్వర్‌బీట్ ఆకు పప్పులో వేస్తే తోటకూర పప్పులాగే కుదురుతుంది. తాజా కూరలు ఖరీదైనప్పుడు గడ్డకట్టించిన బఠానీ, బీన్స్ ప్యాకెట్లు చవక, పోషకాలూ ఉంటాయి. డబ్బా సార్డీన్ చేపలు పులుసు పెట్టుకోవచ్చు. పాలు కొనేటప్పుడు ముదురు నీలం మూత బదులు ఆకుపచ్చ మూత డబ్బా తీసుకుంటే కొవ్వు తక్కువ.

మన అసలు శత్రువు ఉప్పు

రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక టీ చెంచా, దాటకూడదు. ఆవకాయ, అప్పడం, చిప్స్, ఇన్‌స్టంట్ నూడుల్స్ అన్నీ ఆ చెంచాలోవే. ప్యాకెట్ వెనక సోడియం అని రాసి ఉంటుంది. దాన్ని రెండున్నర రెట్లు చేస్తే ఉప్పు లెక్క వస్తుంది. 100 గ్రాములకు 400 మిల్లీగ్రాముల కంటే తక్కువ సోడియం ఉన్నది ఎంచుకోండి. పచ్చడి మానమని మేం చెప్పం. అన్నమంతా కలపకుండా వేలితో నంజుకోండి.

పొగ తాగేవాళ్లకు ఒక్క మాట. మానేసిన ఏడాదికే గుండె జబ్బు ముప్పు, మానని వాళ్లతో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుంది. క్విట్‌లైన్ 0800 778 778కు ఫోన్ చేస్తే ఉచితంగా సాయం చేస్తారు.

బరువులు మోయడం, గంటలకొద్దీ నిలబడటం నడకతో సమానం కాదు. వారానికి 150 నిమిషాలు, ఊపిరి కాస్త వేగం పెరిగేలా నడవాలి. మన ఊరు చదునుగా ఉంటుంది. మనవాటూ నది మీద 2019లో తెరిచిన హే ఆరా కోటాహి వంతెన మీద నడవడానికి పైసా ఖర్చు లేదు.

గ్యాస్ అని సోడా తాగకండి

ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం, చల్లటి చెమట, ఆయాసం: ఇవి గుండెపోటు గుర్తులు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో గట్టి నొప్పి లేకుండా వట్టి ఆయాసం, వికారం, నీరసంగానూ రావచ్చు. "గ్యాస్ పట్టిందిలే" అని సోడా తాగి పడుకోవద్దు. మన దగ్గర 108 ఎలాగో ఇక్కడ 111 అలాగే. వెంటనే ఫోన్ చేయండి, మీరే కారు నడుపుకుంటూ వెళ్లొద్దు. అంబులెన్స్ బిల్లు తర్వాత చూసుకోవచ్చు. ప్రతి నిమిషం ఆలస్యానికీ గుండె కండరం కొంత చచ్చిపోతుంది.

డబ్బు సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. పనిలో దెబ్బ తగిలితే ఏసీసీ చూస్తుంది, గుండె జబ్బుకు మామూలుగా చూడదు. వర్క్ వీసా 2 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకు ప్రభుత్వ వైద్యం వర్తిస్తుంది. అంతకు తక్కువైతే ఇన్సూరెన్స్ ఉందో లేదో ఈరోజే చూసుకోండి. సందేహం ఉంటే హెల్త్‌లైన్ 0800 611 116కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇంగ్లీషు రాకపోతే దుబాసీ కావాలని అడగండి.

వచ్చే జీతం ఇంటికి పంపే ముందు, డాక్టర్ ఫీజుకు కొంత పక్కన పెట్టండి. అది కూడా ఇంటికి పంపిన డబ్బు కిందే లెక్క.