ఒకే పున్నమి, రెండు పండుగలు

పస్కా, ఈస్టర్... ఒకే వేరు నుంచి పుట్టి వేర్వేరు దారులు పట్టాయి. ఆ చుట్టరికం ఎంత, ఆ ఎడం ఎంత?

శిష్యులతో పస్కా భోజనం చేసిన రాత్రే యేసును బంధించారని మత్తయి, మార్కు, లూకా సువార్తలు చెబుతాయి. ఆ లెక్కన పస్కా వెంటే ఈస్టర్ రావాలి. కానీ 2024లో ఈస్టర్ మార్చి 31నే వచ్చేసింది. యూదుల పస్కా ఏప్రిల్ 22 సాయంత్రానికి గానీ మొదలవలేదు.

కారణం లెక్కల్లో ఉంది. పస్కా నీసాను మాసపు పున్నమి పండుగ. యూదుల నెలలు చంద్రుణ్ని బట్టి నడుస్తాయి, పండుగేమో వసంతంలోనే రావాలి. అందుకని మన అధిక మాసంలా వాళ్లూ 19 ఏళ్లలో ఏడుసార్లు ఒక నెల కలుపుతారు. 2024లో అలా కలిసిన నెలే పస్కాను వెనక్కి జరిపింది.

తొలినాళ్లలో ఆసియా మైనర్ క్రైస్తవులు యూదులతో పాటే నీసాను 14న, ఏ వారమైనా సరే, పండుగ చేసుకునేవారు. రోము సంఘానికి మాత్రం ఆదివారమే ముఖ్యం. క్రీ.శ. 155 ప్రాంతంలో ఆసియా మైనర్‌లోని స్ముర్న బిషప్ పాలికార్ప్ రోము వెళ్లి అక్కడి బిషప్ అనిసెటస్‌తో చర్చించాడు. ఎవరి మాట మీద వారు నిలబడ్డారు, అయినా సఖ్యతతోనే విడిపోయారు. 325లో నైసియా సభ యూదుల లెక్కతో పనిలేకుండా తేదీ కట్టాలని తేల్చింది. మార్చి 21న గానీ, తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక తొలి ఆదివారం ఈస్టర్ అన్న లెక్క స్థిరపడింది. పాత జూలియన్ లెక్క వదలని ఆర్థడాక్స్ సంఘాలు 2024లో మే 5న ఈస్టర్ చేసుకున్నాయి.

బల్ల దగ్గర, సమాధి దగ్గర

పస్కాకు గుండెకాయ ఇల్లే. పండుగకు ముందే పులిసిన పిండి వంటకాలన్నీ ఇల్లు దాటాలి. సేదర్ అనే పస్కా విందు రాత్రి పులియని రొట్టె, బానిసత్వపు చేదును గుర్తుచేసే ఆకులు, నాలుగు గిన్నెల ద్రాక్షారసం బల్ల మీదికి వస్తాయి. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు ప్రశ్నలడుగుతాడు, పెద్దలు ఐగుప్తు నుంచి విడుదలైన కథ చెబుతారు. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలాక గొర్రెపిల్ల బలి ఆగిపోయింది. ఇప్పటి సేదర్ చాలావరకు ఆ తర్వాత రూపుదిద్దుకున్నదే.

క్రైస్తవులకు ఆ గొర్రెపిల్ల క్రీస్తే. మిగతా మూడు సువార్తలకు భిన్నంగా, పస్కా పశువులను వధించే రోజునే యేసును సిలువ వేశారన్నట్టు యోహాను సువార్త నడుస్తుంది. యూదులు ఒక జాతి బానిసత్వం నుంచి బయటపడిన రాత్రిని తలచుకుంటే, క్రైస్తవులు ఒకరు మరణాన్ని గెలిచిన ఉదయాన్ని తలచుకుంటారు. తెలుగు ఊళ్లలో ఆ తెల్లవారుజామున కుటుంబాలు తమవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించడం అందుకే.

యాభయ్యో రోజూ ఇద్దరికీ ఉంది. యూదులు ఆనాడు సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం అందిందని వారాల పండుగ చేస్తారు. క్రైస్తవులకది పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు.

మానిన గాయం కాదు

ఈ చుట్టరికం యూదులకు రక్షణ ఇవ్వలేదు. యేసు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేసిన బోధలు వినిపించే ఐరోపాలో, ఈస్టర్‌కు ముందటి శ్రమల వారమంటే వాళ్లకు భయంగా ఉండేది. 1903లో కిషినేవ్ నగరంలో ఈస్టర్ రోజున మొదలైన దాడుల్లో 49 మంది యూదులు హతమయ్యారు. ఆ నింద తప్పని కేథలిక్ సంఘం 1965లో రెండో వాటికన్ సభలో ప్రకటించింది.

ఈ చుట్టరికం మన దగ్గరా ఉంది: గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఈ రెండు సంప్రదాయాలూ ఒక్కచోట కనిపిస్తాయి. ఒకప్పుడు క్రైస్తవులుగా ఉన్న కొన్ని దళిత కుటుంబాలు బెనె ఎఫ్రాయీం పేరుతో యూదు ఆచారాలు పాటిస్తూ పస్కా చేసుకుంటున్నాయి.

కొన్ని చర్చిలు శ్రమల వారంలో సొంతంగా సేదర్ జరుపుతున్నాయి. చాలామంది రబ్బీలకు ఇది నచ్చదు. యూదుల భోజనానికి క్రైస్తవ అర్థం పులమవద్దని అమెరికా కేథలిక్ బిషప్పుల కమిటీ కూడా 1988లోనే హెచ్చరించింది. పస్కాను తెలుసుకోవాలనుకునే క్రైస్తవులకు మెరుగైన దారి ఒకటుంది: పిలిచిన యూదు కుటుంబం ఇంటికి అతిథిగా వెళ్లి, వాళ్ల కథను వాళ్ల నోటనే వినడం.