మీకు తెలుసా? 666 డాలర్ల బోర్డు, 9 లక్షల డాలర్ల వేలం

1976లో ఆపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన ఆపిల్-1 కంప్యూటర్ ధర 666.66 డాలర్లు. ఒకే అంకె వరుసగా రావడం ఆయనకు సరదా. ఆ డబ్బుకు చేతికొచ్చేది చిప్‌లు అతికించిన ఒక బోర్డు మాత్రమే. పెట్టె, కీబోర్డు, తెర, ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కున్నవాళ్లే సమకూర్చుకోవాలి. అలాంటి బోర్డు ఒకటి 2014లో న్యూయార్క్‌లో బాన్‌హామ్స్ వేలంలో 9,05,000 డాలర్లు పలికింది! కొన్నది అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం.

అంత ధర ఎందుకు? తయారైనవే సుమారు 200. 1977లో ఆపిల్-2 వచ్చాక, పాతవి తెచ్చిస్తే కొత్తదానిపై తగ్గింపు ఇస్తామని చెప్పి కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని ధ్వంసం చేసింది. ఇప్పుడు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. మిగిలినవాటిలో పనిచేసేవి ఇంకా తక్కువ.

పాతదైనంత మాత్రాన ధర రాదు. 1982లో వచ్చిన కమోడోర్ 64 కంప్యూటర్ కోటికి పైగా అమ్ముడుపోయింది కాబట్టి నేటికీ సామాన్య సేకర్తకు అందుబాటులోనే ఉంది. కొనేవాళ్లు ముందుగా చూసేది అసలు చిప్‌లు ఉన్నాయా, మొదటి యజమాని రసీదులు, మాన్యువల్ దొరుకుతాయా అన్నది. అందుకే అటకమీద పాత యంత్రం కనబడితే ఆత్రంగా ప్లగ్గు పెట్టకండి. ఏళ్ల తరబడి వాడని కెపాసిటర్లు చెడిపోయి ఉంటే, కరెంటు తగలగానే చిప్‌లు కాలిపోవచ్చు. తెలిసిన మెకానిక్‌తో ముందు పవర్ సప్లై పరీక్ష చేయించండి.