ఇంటి గ్యారేజీలో పాత షెవెల్

అమెరికాలో పాత కార్ల అమ్మకపు ప్రకటనలు కొన్నాళ్లు వరసగా చూస్తే ఒక తరహా ప్రకటన మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. బాడీ ఒకచోట, ఇంజను ఇంకోచోట, మిగతాదంతా అట్టపెట్టెల్లో. ఉత్సాహంగా విప్పిన మనిషికి తిరిగి బిగించే తీరిక దొరకలేదు, లేదా ఏ బోల్టు ఎక్కడిదో గుర్తు లేదు. పనితనం లేక ఆగిపోయిన కార్లకన్నా, లెక్కాపత్రం లేక ఆగిపోయినవే ఎక్కువని నా అనుమానం. అందుకే లెక్క రాసిపెట్టే ఇంట్లోవాళ్ల సాయాన్ని నేను ముచ్చట కింద జమకట్టను. పద్ధతిగా వాడుకుంటే కారు రోడ్డెక్కేది దానివల్లనే.

నేను చెప్పబోయేది ‘మజిల్ కారు’ గురించి. ముందు అదేమిటో చూద్దాం. మధ్యతరగతి కుటుంబం కొనగలిగే మధ్యతరహా కారులోకి, పెద్ద కార్లకు పెట్టే వీ8 ఇంజను దించితే అది మజిల్ కారు. ఈ ఒరవడికి నాందిగా చాలామంది చెప్పుకునేది 1964 మోడల్ పాంటియాక్ జీటీఓ. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలు దాటిన ఇంజను పెట్టరాదని అప్పట్లో జనరల్ మోటార్స్ కట్టడి. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్ బృందం దాన్ని ఒడుపుగా దాటింది. కొత్త మోడల్ అనకుండా, కొనేవాళ్లు కోరితే అదనపు ఖర్చుకు బిగించే ఆప్షన్ అని చెప్పి 389 ఘనపుటంగుళాల ఇంజను పెట్టింది. అంటే దాదాపు 6.4 లీటర్లు. మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లకు 1.2 లీటర్ల ఇంజను సరిపోతోందని గుర్తుంచుకుంటే ఆ పిచ్చి ఎంతటిదో తెలుస్తుంది. తరవాత బీమా కంపెనీలు ప్రీమియం పెంచాయి, 1970లో వాయు కాలుష్య చట్టం బిగిసింది, 1973లో చమురు సంక్షోభం వచ్చింది. పదేళ్లయినా నిండకుండానే సందడి సద్దుమణిగింది.

ఈ తరహా కార్లలో ఇంట్లో పని నేర్చుకోవడానికి నన్నడిగితే 1970 షెవ్రొలే షెవెల్ మంచి బండి. దీనికి ఛాసీ వేరు, బాడీ వేరు. మధ్యలో రబ్బరు బుష్‌లు పెట్టి బోల్టులతో కలిపి ఉంటాయి. ఏది ఎలా నిలబడిందో కంటికి కనిపిస్తుంది. రేకులు, రబ్బర్లు, వైరింగు అన్నీ ఇప్పటికీ కొత్తగా తయారై దొరుకుతున్నాయి.

కానీ కొనేటప్పుడే ఒక తిరకాసుంది. ఆ ఏడాది షెవెల్‌లో అందరూ ఎగబడేది ‘ఎస్ఎస్’ రకం. అందులోనూ 454 ఘనపుటంగుళాల ఎల్ఎస్6 ఇంజను ఉన్నదైతే 450 హార్స్‌పవర్ అని కంపెనీయే ప్రకటించింది. ధర కూడా అలాగే ఉంటుంది. అయితే 1970లో ఎస్ఎస్ అన్నది విడి మోడల్ కాదు, షెవెల్‌లోని మాలిబు రకం మీద ఒక ఆప్షన్. కాబట్టి డాష్‌బోర్డు మీది ఛాసీ నంబరు చూసి అది ఎస్ఎస్ అవునో కాదో తేల్చలేం. మామూలు మాలిబుకు చారల పెయింటు వేసి, ఎస్ఎస్ బ్యాడ్జీలు అంటించి అమ్మేవాళ్లున్నారు. నమ్మదగ్గ సాక్ష్యం ఫ్యాక్టరీలో కారుతో పాటు ప్రయాణించిన బిల్డ్ షీటు. అది తరచుగా పెట్రోలు ట్యాంకు పైభాగాన గానీ, వెనక సీటు స్ప్రింగుల మధ్య గానీ చిక్కుకుని దొరుకుతుంది. అందుకే ట్యాంకు దించేటప్పుడు తొందరపడకూడదు. యాభై ఏళ్ల కాగితం చెయ్యి తగిలితే పొడైపోతుంది. ఇంటిల్లిపాదీ తిప్పుకోవడానికైతే మామూలు మాలిబు చాలు. పాత కార్ల పోటీల్లో మార్కులు తెచ్చే కారును పిల్లలతో బిగించమని ఎవరికీ సలహా ఇవ్వను.

ఇంజను సంగతి అంత భయపడాల్సింది కాదు. తేలిగ్గా విప్పొచ్చు, బోరింగు, హెడ్డు పని లేతు షాపువాళ్లు చేసిపెడతారు. డబ్బునీ కాలాన్నీ మింగేది తుప్పు. షెవెల్‌లో వెనక అద్దం కింది మూలలు, డిక్కీ అడుగు, ముందు చక్రాల వెనకున్న రేకు అడుగుభాగం, బాడీని ఛాసీకి కలిపే చోట్లు ముందుగా తినేస్తుంది. పైకప్పుకు వినైల్ తొడుగున్న కార్లలో దాని కింద నీరు నిలిచి ఇంకా పాడవుతుంది. కొనేముందు చిన్న అయస్కాంతాన్ని పలచని గుడ్డలో చుట్టి రేకు మీద జరపండి. అంటుకోని చోట పుట్టీ మందంగా ఉన్నట్టే.

ఆ తరవాత రెండు దారులున్నాయి. ఒకటి, బాడీని ఛాసీ నుంచి లేపేసి ప్రతి ముక్కనూ విప్పి చేయడం. రెండోది, కారు కదిలే స్థితిలోనే ఉంచి ఒక్కో భాగం చేసుకుంటూ పోవడం: ముందు బ్రేకులు, తరవాత పెట్రోలు లైను, ఆపైన వైరింగు. కుటుంబంతో చేసేవాళ్లకు రెండోదే మంచిది. నెలకోసారైనా వీధి చివరిదాకా వెళ్లొచ్చే కారుంటే ఇంట్లో ఎవరి ఆసక్తీ చావదు. పైగా డాలస్ శివార్లలోనో మరోచోటో మనవాళ్లుండే కాలనీల్లో చాలావాటికి ఇళ్ల సంఘాల నియమాలుంటాయి. నడవని కారును ఇంటిముందు పెట్టనివ్వరు. గ్యారేజీలో ఒక కారు స్థలం ఏళ్ల తరబడి పోతుందన్న విషయం మొదటిరోజే ఇంట్లో తేల్చుకోవాలి.

ఇక లెక్కాపత్రం. ఒకరు విప్పాలి, ఇంకొకరు రాయాలి. పెళ్లిలో చదివింపులు రాసే మనిషి ఎంత నిష్ఠగా కూర్చుంటాడో అంత నిష్ఠగా. విప్పకముందు ఫోటో, విప్పాక ఫోటో, బోల్టులు జిప్ సంచిలో, సంచి మీద నంబరు, నోటుపుస్తకంలో ఆ నంబరుకెదురుగా “ఎడమ తలుపు పై కీలు, మూడు బోల్టులు, వెనక ఒక పలచని షిమ్ము” అని వివరం. ఆ పలచని షిమ్ము, అంటే సందు సర్దే రేకు ముక్క, రాయకపోతే ఏడాది తరవాత తలుపు సరిగ్గా పడదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. పదేళ్ల పిల్లలు ఈ పని పెద్దలకన్నా బాగా చేస్తారు.

కొన్ని పనులకు రెండో మనిషి లేకపోతే కుదరదు. బ్రేకుల్లో గాలి తీయడం అలాంటిదే. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర బ్లీడర్ స్క్రూ వదులు చేసి, ఆయిలు చిమ్మాక బిగించాలి. బిగించానని చెప్పేదాకా పెడల్ మీంచి కాలు తీయకూడదు. తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు అని రావాలి. బ్రేకు ఆయిలు పెయింటును తినేస్తుంది, పక్కన తడిగుడ్డ ఉంచుకోవాలి. బానెట్ బిగించడానికీ ఇద్దరు కావాలి. ఒక్కరే ప్రయత్నిస్తే దాని మూల విండ్‌షీల్డు కింది రేకును గీరేస్తుంది. డిస్ట్రిబ్యూటరుకు ప్లగ్గు వైర్లు తగిలించేటప్పుడు ఒకరు 1-8-4-3-6-5-7-2 అని వరస చదవాలి, ఒకరు తగిలించాలి. రెండు వైర్లు తారుమారైతే ఇంజను దగ్గుతుంది, కార్బొరేటరులోంచి మంట కూడా తన్నవచ్చు.

ఇంట్లోవాళ్లు దూరంగా ఉండాల్సిన పనులూ ఉన్నాయి. ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ముందు సస్పెన్షన్ కాయిల్ స్ప్రింగు నొక్కుకుపోయి కూర్చుని ఉంటుంది. కంప్రెసర్ పనిముట్టు లేకుండా బోల్టు వదిలితే ప్రాణం తీయగలదు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టకుండా కారు కింద దూరకూడదు. పాత బ్రేకు లైనింగుల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి ఊదకుండా తడిపి తుడవాలి. ఆ కాలంలో పైకప్పు అతుకులను సీసంతో నింపేవారు, దాన్ని గీకితే వచ్చే పొడి పిల్లలకు విషం. రెండు భాగాలు కలిపి వాడే నేటి యూరిథేన్ పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు బొగ్గు మాస్కును వాటికి నమ్ముకోలేం, బయటినుంచి గాలి అందే మాస్కు కావాలి. అందుకని రేకు పని ఇంట్లో చేసుకున్నా, ఆఖరి పెయింటు షాపులోనే వేయించడం మేలు. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

రేకు మార్చేవాళ్లకు ఒక మాట. అడుగు రేకులు కోసేటప్పుడు బాడీని ఛాసీ మీదే బిగించి ఉంచండి. తలుపుల చుట్టూ సందు ఎంతుందో కోయకముందే కొలిచి అదే పుస్తకంలో రాయండి. వెల్డింగు ఒకే గీతగా లాగేస్తే పలచని రేకు వేడికి వంకరపోతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి చల్లారనిస్తూ కలపాలి.

కొత్త క్యామ్‌షాఫ్టు వేసిన ఇంజనును మొదటిసారి స్టార్టు చేసే రోజు నలుగురూ కావాలి. పాత తరహా ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ అయితే స్టార్టు కాగానే సుమారు 2,000 ఆర్‌పీఎం మీద ఇరవై నిమిషాలు నడపాలి, ఐడ్లింగులో వదలకూడదు. జింకు ఎక్కువున్న ఆయిలే పోయాలి. లేకపోతే క్యామ్ ముఖాలు మొదటిరోజే అరిగిపోతాయి. ఒకరు ఆయిలు ప్రెషరు, ఒకరు వేడి చూస్తూ ఉండాలి. కింద ఎక్కడైనా కారుతోందా అని ఇంకొకరు టార్చి వేసి పక్కనుంచి చూడాలి. నాలుగో మనిషి చేతిలో మంటలార్పే సిలిండరు ఉండాలి.

చివరగా డబ్బు మాట. పెట్టిన ఖర్చు అమ్మితే తిరిగి రావడం అరుదు. లాభం కోసం దిగేవాళ్లకు బాగుచేసి ఉన్న కారు కొనుక్కోవడమే చౌక. బీమాకు మాత్రం ‘ఒప్పుకున్న విలువ’ పాలసీ తీసుకోండి. మామూలు పాలసీలో పాత కారుకు తరుగుదల తీసేసి ఇస్తారు, ఇందులో ముందే రాసుకున్న మొత్తం ఇస్తారు. ఆ విలువ ఒప్పించడానికి ఫోటోలు, రసీదులు కావాలి. పిల్లలు రాసిన నోటుపుస్తకం, అందులో అంటించిన బిల్లులు అక్కడ పనికొస్తాయి. ఇలాంటి పాలసీలు సాధారణంగా రోజూ ఆఫీసుకు నడుపుకునే కారుకు ఇవ్వరు, సంతకం పెట్టేముందు ఆ షరతు చదువుకోండి.