యూదుల శరత్కాల పండుగలు: తేదీ వెతికే ముందు ఇది వినండి

పోయిన ఎపిసోడ్‌లో పస్కా, పెంతెకొస్తు గురించి మాట్లాడుకున్నాం కదా. ఈరోజు మిగతా మూడు పండుగలు చూద్దాం. యౌవనస్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా వీటి గురించే: "అన్నా, బూరల పండుగ రోజే సంఘం ఎత్తబడుతుందట, నిజమేనా?"

బైబిల్ యాప్‌లో లేవీయకాండము 23వ అధ్యాయం ఓపెన్ చేయండి. అక్కడ ఏడవ నెల అని ఉంటుంది. యూదులు దాన్ని తిష్రి అంటారు, మనకు సెప్టెంబర్, అక్టోబర్ మధ్యలో వస్తుంది. ఆ నెల 1వ తేదీన బూర ఊదాలి. 10న ప్రాయశ్చిత్త దినం. 15 నుంచి ఏడు రోజులు పర్ణశాలల పండుగ, ఎనిమిదో రోజు ఇంకో సభ. యూదుల మాటల్లో చెప్పాలంటే రోష్ హషానా, యోమ్ కిప్పూర్, సుక్కోత్.

ఒక విషయం గమనించారా? బూర ఊదమని ఉంది గానీ, ఎందుకు ఊదాలో అక్కడ వివరంగా లేదు. పస్కాకి కారణం చెప్పాడు, పర్ణశాలలకీ చెప్పాడు. దీనికి మాత్రం జ్ఞాపకార్థం అన్న ఒక్క మాటే. ఖాళీ ఉన్నచోట మన ఊహ బాగా పనిచేస్తుంది. అలా వచ్చిందే ఈ లెక్క: వసంతకాలం పండుగలు యేసు మొదటి రాకడలో నెరవేరాయి, పస్కాకి సిలువ, ప్రథమ ఫలాలకి పునరుత్థానం, పెంతెకొస్తుకి పరిశుద్ధాత్మ. శరత్కాలం పండుగలు రెండో రాకడకి మిగిలాయి. కాబట్టి బూరల పండుగ అంటే ఎత్తబడుట.

వినడానికి చక్కగా అమరినట్టే ఉంటుంది. దీన్ని పట్టుకుని ఎడ్గర్ విసెనంట్ అనే అమెరికా ఆయన 1988లో ఎత్తబడుట జరగడానికి 88 కారణాలు చూపిస్తూ పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన తేదీలు సెప్టెంబర్ 11 నుంచి 13, అంటే ఆ ఏడాది రోష్ హషానా. లక్షల కాపీలు పోయాయి. ఏమీ జరగలేదు. తర్వాత 1989 అన్నాడు. మొన్న 2025లో సెప్టెంబర్ 23, 24 అని దక్షిణాఫ్రికా బోధకుడు ఒకాయన చెప్పిన మాట టిక్‌టాక్‌లో ప్రపంచమంతా తిరిగింది. అదీ రోష్ హషానాయే. ఉద్యోగం మానేశాం, కారు అమ్మేశాం అని వీడియోలు పెట్టినవాళ్ళు ఉన్నారు. 25వ తేదీ ఉదయం వాళ్ళ ఇంట్లో పరిస్థితి ఆలోచించండి.

"ఆ దినము, ఆ గడియ ఎవరికీ తెలియదు అనడమే బూరల పండుగకి యూదుల కోడ్ మాట, నెలవంక కనబడితేనే పండుగ కదా" అని కొందరంటారు. నెలవంకను చూసిన సాక్షులు వచ్చి చెబితే నెల మొదలుపెట్టేవాళ్ళన్న మాట నిజమే. యూదుల మిష్నాలో ఆ విచారణ ఎలా చేసేవాళ్ళో కూడా ఉంది. కానీ పండుగకి ఆ పేరు ఉన్నట్టు మిష్నాలో లేదు. పైగా మార్కు 13లో అదే వాక్యంలో దేవదూతలకీ తెలియదు, కుమారుడికీ తెలియదు అని ఉంది. పండుగ పేరే అయితే ఆ మాటకి అర్థం ఏముంటుంది?

నాకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. శరత్కాలం పండుగలు ఖాళీగా మిగిలిపోయాయని కొత్త నిబంధన అనడం లేదు. హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాలు మొత్తం ప్రాయశ్చిత్త దినం గురించే: ఏడాదికి ఒక్కసారి అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్ళే ప్రధానయాజకుడు, ఆ రక్తం. రచయిత దాన్ని సిలువతోనే ముడిపెట్టాడు.

పర్ణశాలల పండుగైతే యోహాను 7లో యేసే స్వయంగా వెళ్ళాడు. ఇశ్రాయేలు దేశంలో ఎండాకాలమంతా వానలుండవు, ఈ పండుగ అయ్యాకే మొదలవ్వాలి. అందుకే ఆ రోజుల్లో యాజకుడు సిలోయము కోనేటి నుంచి బంగారు పాత్రలో నీళ్ళు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేవాడు. రాత్రిపూట స్త్రీల ఆవరణలో పెద్ద దీపస్తంభాలు వెలిగించేవాళ్ళు, యాజకుల పాత బట్టలు చింపి వత్తులు చేసేవాళ్ళు. ఆ వెలుగు యెరూషలేములో ప్రతి వాకిట్లో పడేదని మిష్నా చెబుతుంది. ఆ పండుగ చివరి రోజున యేసు నిలబడి దాహం ఉన్నవాళ్ళని తన దగ్గరికి రమ్మన్నాడు. తర్వాతి అధ్యాయంలో, కానుకపెట్టె ఉన్న చోట, తానే లోకానికి వెలుగునన్నాడు. నీళ్ళు, దీపాలు తెలియకుండా చదివితే అవి మంచి మాటలు, అంతే. తెలిసి చదివితే ఆ జనం ఎందుకు ఉలిక్కిపడ్డారో అర్థమవుతుంది. ఆ సిలోయము కోనేటి మెట్లు 2004లో యెరూషలేములో పైపులైను పనులు చేస్తుంటే బయటపడ్డాయి.

ఇప్పుడు మనవాళ్ళు పెద్దగా పట్టించుకోని భాగానికి వద్దాం. బూర ఊదిన రోజు నుంచి ప్రాయశ్చిత్త దినం వరకు పది రోజులు. క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోయింది. మేకలు లేవు, ప్రధానయాజకుడు లేడు. అయినా యూదులు ఈ పది రోజుల్ని వదల్లేదు. మిష్నాలో యోమా అనే భాగం చివర్లో ఒక నియమం ఉంది: దేవుడి పట్ల చేసిన తప్పులకి ఆ దినం ప్రాయశ్చిత్తం చేస్తుంది, తోటి మనిషి పట్ల చేసిన తప్పుకి మాత్రం ఆ మనిషిని సమాధానపరచేదాకా చేయదు. అందుకే పండుగ ముందు మనుషుల దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడుగుతారు. ఒప్పుకోకపోతే మూడుసార్లు వెళ్ళాలని వాళ్ళ పెద్దలు రాశారు. ఆ తర్వాతే దాదాపు ఇరవై ఐదు గంటల ఉపవాసం.

మత్తయి 5 గుర్తొచ్చిందా? అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి, ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమన్నాడు యేసు. ఆలోచన ఒకటే. మనం మాత్రం డిసెంబర్ 31 రాత్రి ఏం చేస్తాం? "ఈ ఏడాది నా వల్ల ఎవరైనా బాధపడి ఉంటే క్షమించండి" అని స్టేటస్ పెట్టి వాచ్‌నైట్ సర్వీస్‌కి వెళ్ళిపోతాం. అది ఐదొందల మంది చూస్తారు. ఎవరికి చెప్పాలో ఆ ఒక్కరి నంబర్ మాత్రం బ్లాక్‌లో ఉంటుంది! క్రీస్తు రక్తం చాలదా అని అడగొచ్చు మీరు. చాలుతుంది. చాలుతుందని నమ్మినవాడికి వెళ్ళి తలుపు కొట్టే ధైర్యం ఇంకా ఎక్కువ ఉండాలి కదా.

ఇక పర్ణశాల. గుడారాల పండుగ అంటే మన దగ్గర పెద్ద షామియానాలు, మైకులు, భోజనాలు. అసలుది చిన్న పందిరి. కప్పు కొమ్మలతోనే వేయాలి, సందుల్లోంచి చుక్కలు కనబడేలా ఉంటే మంచిదంటారు. వాన వస్తే కారుతుంది. పంట ఇంటికి చేరి గాదెలు నిండిన వారంలోనే బయటికొచ్చి అందులో ఉండమన్నాడు. ద్వితీయోపదేశకాండము 16లో ఆ సంతోషంలో పనివాళ్ళు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు కూడా ఉండాలని పేరుపేరునా రాశాడు. చేతిలో పట్టుకునే ఫలాన్ని మన తెలుగు అనువాదకులు దబ్బపండు అన్నారు చూడండి, యూదులు పట్టుకునే ఎత్రోగ్ నిజంగానే ఆ జాతిదే.

చివరిగా ఒకటి. ఈ పండుగలు ఇప్పటికీ బతికున్న ప్రజలవి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ తమను యూదులుగా చెప్పుకునే బెనే ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. 386లో అంతియొకయలో కొందరు క్రైస్తవులు ఈ పండుగలకి సమాజమందిరాలకు వెళ్తున్నారని యోహాను క్రిసోస్తొమ్ వరుసగా ప్రసంగాలు చేశాడు. యూదుల గురించి చాలా దారుణంగా మాట్లాడాడు. తర్వాతి శతాబ్దాల్లో ద్వేషానికి వాటిని వాడుకున్నారు. పొట్టేలు కొమ్ము బూర కొని స్టేజీ మీద ఊదే ముందు మనకి ఈ చరిత్ర తెలిసుండాలి. వాళ్ళ పండుగను మన షోకి వస్తువు చేయడం నాకు నచ్చదు. గౌరవంగా అడిగి నేర్చుకోవడం వేరు.

వచ్చే ఎపిసోడ్‌లో శీతకాలంలో వచ్చే ఆలయ ప్రతిష్ఠిత పండుగ, అదే హనుక్కా చూద్దాం. యోహాను 10వ అధ్యాయం చదువుకుని రండి.