ఆగిన మెదడు, ఆగని గుండె

1994 ఆగస్టు 3. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో, మృత్యుముఖంలో ఉన్న ఒక హృద్రోగికి మరొకరి గుండెను అమర్చారు. మన దేశంలో సఫలమైన మొట్టమొదటి గుండె మార్పిడి అదే. శస్త్రచికిత్సకు సారథ్యం వహించినవారు రాజమండ్రిలో జన్మించిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. 1959లో విద్యార్థిగా ఆ సంస్థలో అడుగుపెట్టిన ఆయన, తరువాతి కాలంలో దానికే డైరెక్టరయ్యారు. ఆనాటి రోగి ఆ తరువాత అనేక సంవత్సరాలు జీవించాడు.

ప్రపంచంలో తొలి గుండె మార్పిడి 1967 డిసెంబరులోనే కేప్‌టౌన్‌లో జరిగింది. చేసినవారు క్రిస్టియన్ బర్నార్డ్. రోగి బ్రతికినది 18 రోజులు. మరుసటి సంవత్సరమే బొంబాయిలో డాక్టర్ పి.కె. సేన్ ప్రయత్నించారు గాని, రోగి గంటలలోనే మరణించాడు. పరాయి అవయవాన్ని దేహం తిరస్కరించకుండా కాపాడే సైక్లోస్పోరిన్ 1980ల నాటికి గాని వాడుకలోకి రాలేదు. మందు వచ్చినా మన దేశంలో మరొక అడ్డంకి మిగిలింది. గుండె కొట్టుకుంటున్న మనిషిని మృతుడనడానికి చట్టం లేదు! మెదడు కాండం మరణమే మరణమని అంగీకరించిన అవయవ మార్పిడి చట్టానికి 1994 జూలైలో రాష్ట్రపతి ఆమోదం లభించింది. శస్త్రచికిత్స జరిగినది ఆ మరుసటి నెలలోనే.

చట్టం ఒప్పుకున్నంత సులభంగా కన్నతల్లి మనసు ఒప్పుకుంటుందా? మంచం మీద బిడ్డ చేయి వెచ్చగానే ఉంటుంది. యంత్రం అందించే గాలికి రొమ్ము లేచి పడుతూంటుంది. ఇక లేడని వైద్యుడంటే నమ్మడమెలా? కోమా నుండి లేచి వచ్చినవారి కథలు అప్పుడే జ్ఞాపకం వస్తాయి. అయితే కోమా వేరు, ఇది వేరు. కోమాలో మెదడు కాండం కొంతైనా పనిచేస్తూనే ఉంటుంది. మస్తిష్క మరణంలో అది శాశ్వతంగా నశిస్తుంది. యంత్రం తొలగిస్తే ఊపిరి లేదు. కంటిపాపపై వెలుగు ప్రసరింపజేసి, చెవిలో చల్లని నీరు పోసి, యంత్రాన్ని కాసేపు ఆపి ఊపిరి పీల్చే యత్నమైనా ఉన్నదేమో చూస్తారు. నలుగురు వైద్యుల మండలి, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు నిర్ధారించాలి. మార్పిడి చేసే వైద్యులకు ఆ మండలిలో స్థానం లేదు. అనుమానించే బంధువులకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే.

అంగీకారం లభించాక వ్యవధి స్వల్పం. దేహం నుండి తీసిన గుండెను సుమారు నాలుగు గంటలలో అమర్చాలి. గ్రహీత జీవితాంతం మందులు మానరాదు. ఆ మందులు దేహరక్షణ శక్తిని తగ్గిస్తాయి గనుక చిన్న జ్వరాన్నైనా అశ్రద్ధ చేయరాదు.

2023 నుండి ఆగస్టు 3వ తేదీనే జాతీయ అవయవదాన దినంగా పాటిస్తున్నారు. డాక్టర్ వేణుగోపాల్ 2024 అక్టోబరులో కన్నుమూశారు. దాన పత్రంపై ఎందరు సంతకం చేసినా, ఆ ఘడియ వచ్చినప్పుడు వైద్యులు అడిగేది ఇంటివారినే. సంతకం చేసినవారు ఆ సంగతిని భార్యకో, భర్తకో, బిడ్డలకో ముందే చెప్పి ఉంచడం అవసరం.