గంగిరెద్దు తల ఊపాలంటే మూడు ఫొటోలు చాలు



పండగ పొద్దున మీ ఫోన్‌కి ఎన్ని గ్రీటింగ్స్ వస్తాయో మీకు తెలుసు. వాటిలో సగం ఒకే బొమ్మ, పంపినవాళ్లు వేరు. ఈ సంక్రాంతి సెలవుల్లో మీ అమ్మాయి లేదా అబ్బాయి చేత, అమ్మమ్మకో తాతయ్యకో, కదిలే బొమ్మల గ్రీటింగ్ ఒకటి తయారు చేయించండి. ఇది హోంవర్క్ కాదు, మార్కులూ లేవు. కావలసినవి డ్రాయింగ్ షీట్లు, రంగులు, కత్తెర, మీ ఫోన్.

ముందు ఏం బొమ్మ వేయాలో పిల్లలనే అడగండి. హరిదాసు, గొబ్బెమ్మలు, భోగి మంట, గాలిపటాలు అన్నీ ఒకే కార్డులో పెట్టాలని చూస్తారు. ఒక్కటి చాలని చెప్పండి. చూసేది చిన్న ఫోన్‌లో, అదీ కళ్లజోడు వెతుక్కునే పెద్దవాళ్లు. బొమ్మ పెద్దదిగా, గీతలు లావుగా ఉండాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియో నాణ్యత తగ్గుతుంది కాబట్టి సన్నటి గీతలు అలుక్కుపోతాయి. షీటును నిలువుగా వాడమనండి, ఫోన్ పట్టుకునేది అలాగే కదా.

గంగిరెద్దునే తీసుకుందాం. ఒళ్లు ఒక కాగితం మీద, తల వేరే కాగితం మీద గీసి కత్తిరించాలి. ఒంటిని బ్యాక్‌గ్రౌండ్ షీటుకి అతికించి, తలను ఊరికే పైన పెట్టాలి. ఫోన్‌ను రెండు పుస్తకాల దొంతరల మధ్య, కెమెరా కిందికి చూసేలా ఆనించండి. స్టాప్ మోషన్ స్టూడియో లాంటి యాప్ తెరిస్తే, ఇంతకుముందు తీసిన ఫొటో తెర మీద లీలగా కనిపిస్తుంది. తలను ఎంత జరిపారో దాన్నిబట్టి తెలుస్తుంది. తల పైకి ఉన్నప్పుడు ఒక ఫొటో, మధ్యలో ఒకటి, కిందికి వంచినప్పుడు ఒకటి. అంతే, మూడు.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. సినిమా తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. చేత్తో గీసే యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపి, 12 బొమ్మలతో సరిపెట్టడం పాత అలవాటు. మీరూ యాప్‌లో వేగం 12 అని పెట్టండి. పైన, మధ్య, కింద, మళ్లీ మధ్య అని ఒక్కో ఫ్రేము చొప్పున పేరిస్తే, సెకనులో మూడోవంతులోనే ఒక ఊపు అయిపోతుంది. ఎద్దుకి చలిజ్వరం వచ్చినట్టు ఉంటుంది! అదే ఫొటోలను కాపీ చేసి పైన 4, మధ్య 2, కింద 4, మధ్య 2 ఫ్రేములుగా పెట్టించండి. మొత్తం 12, అంటే సరిగ్గా ఒక సెకను. ఊగే వస్తువు ఏదైనా చివర్లలో నెమ్మదిస్తుంది, మధ్యలో వేగంగా పోతుంది. ఉయ్యాలను చూపించి చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఈ 12 ఫ్రేములను ఐదుసార్లు తిప్పితే ఐదు సెకన్ల కార్డు సిద్ధం.

ఫొటోలు తీసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, లేకపోతే ఎద్దు తల సోఫా కింద దొరుకుతుంది. కిటికీ వెలుతురు నిమిషానికోలా మారి వీడియో మినుకుమినుకుమంటుంది. కర్టెన్ వేసి లైటు కింద తీయడం మంచిది.

'సంక్రాంతి శుభాకాంక్షలు' అని యాప్‌లో టైప్ చేస్తే కొన్నిసార్లు క్రావడి విడిపోయి పక్కకు పోతుంది, వత్తులు చెదురుతాయి. పిల్లల చేతే కాగితం మీద రాయించండి. అక్షరం వంకరగా వస్తే రానివ్వండి. ఇక్కడే చాలామందికి చేయి ఊరుకోదు: గీత సరిచేస్తాం, రంగు మనమే నింపేస్తాం, చివరికి నెట్‌లోంచి మంచి ఎద్దును దించేస్తాం. అమ్మమ్మ మెచ్చుకునేది అప్పుడు ఎవరి పనిని? పిల్లలకు ఆ సంగతి మనకన్నా ముందే తెలిసిపోతుంది. మీరు ఫోన్ పట్టుకోండి, ఫ్రేములు లెక్కపెట్టండి. కత్తెర, రంగులు వాళ్లకే వదిలేయండి. ఎద్దుకి కాళ్లు ఐదొచ్చినా సరే.

వీడియోగానే, అంటే ఎంపీ4 ఫైలుగా సేవ్ చేయండి. జిఫ్‌లో ఒక్కో ఫ్రేముకు 256 రంగులే పడతాయి కాబట్టి వాటర్ కలర్ ఛాయలు చారలు చారలుగా కనిపిస్తాయి, పైగా గొంతు వినిపించదు. గొంతు కావాలి మరి. "తాతయ్యా, భోగి పళ్లు నాకూ ఉంచు" లాంటి మాట ఏదైనా వాళ్లకు తోచిందే చెప్పనివ్వండి.

ఒక జాగ్రత్త. గ్రీటింగులు ఫార్వర్డ్ అవుతూ ఎక్కడెక్కడికో వెళతాయి. కార్డు మీద పిల్లల ఫొటో, పూర్తి పేరు, తరగతి, స్కూల్ పేరు వద్దు. ముద్దుపేరు చాలు, తాతయ్యకు అదే తెలుసు. స్టేటస్‌లో పెట్టేకంటే ముందు ఆయన నంబరుకే పంపండి. భోగి రోజు పొద్దున్నే అయితే మంట దగ్గర అందరికీ చూపించుకుంటారు.