పేరు తప్పితే... ఎప్పటికీ తప్పే!

బడి జ్ఞాపకం అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది పదో తరగతి గ్రూప్ ఫొటో. ముందు కుర్చీల్లో మాస్టార్లు, వెనక బెంచీల మీద నిలబడ్డ పిల్లలు. అమెరికాలో ఆ స్థానం ఇయర్‌బుక్‌ది. ఆ ఏడాది బడిలో జరిగిన ఆటలు, పాటలు, నాటకాలు, ప్రతి విద్యార్థి ఫొటో... అన్నీ కలిపి గట్టి అట్టతో అచ్చు వేయిస్తారు. పుస్తకం చేతికి రాగానే ఒకరి పుస్తకంలో ఒకరు నాలుగు మాటలు రాసి సంతకాలు చేసుకుంటారు.

ఇంత పుస్తకాన్నీ తయారుచేసేది ఎవరో తెలుసా? పిల్లలే! సలహాదారుగా ఒక టీచర్ ఉంటారు. ఫొటోలు, రాతలు, పేజీల అమరిక చాలావరకూ విద్యార్థుల పనే. అక్కడి హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు. సాధారణంగా పెద్ద తరగతుల వాళ్లు సంపాదకులు, చిన్న తరగతుల వాళ్లు శిష్యులు.

నేర్పకపోతే నడవదు

పత్రికాఫీసుకూ ఈ బృందానికీ ఒకటే తేడా. ఇక్కడ పని బాగా వచ్చినవాళ్లంతా ఏటా వేసవిలో బడి వదిలి వెళ్లిపోతారు! అందుకే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పని నేర్పడం దయాదాక్షిణ్యాల సంగతి కాదు, పుస్తకం బతకడానికే అవసరం.

మొదటి పాఠం పేజీల పట్టిక. దాన్ని వాళ్లు 'ల్యాడర్' అంటారు. ఏ పేజీలో ఏముండాలి, ఎవరు చేయాలి, ఎప్పటికి ఇవ్వాలి... అంతా అందులో ఉంటుంది. పుస్తకాలు ఒక్కో పేజీగా అచ్చు కావు. పెద్ద కాగితం మీద ఒక వైపు ఎనిమిది, రెండోవైపు ఎనిమిది... మొత్తం 16 పేజీలు ఒకేసారి పడతాయి. మన ప్రెస్సుల భాషలో ఒక ఫారం. కాబట్టి ఒక్క కుర్రాడు ఒక్క పేజీ ఆలస్యం చేస్తే మిగతా పదిహేనూ ఆగిపోతాయి. గడువు విలువ అప్పుడు తెలిసొస్తుంది.

రెండో పాఠం ఫొటో కింద రాసే వాక్యం. 'ఆడుతున్న విద్యార్థులు' అని రాస్తే అన్నయ్యలు ఒప్పుకోరు. అది ఫొటో చూస్తేనే తెలుస్తోంది కదా! ఎవరు, ఎప్పుడు, ఎవరితో, చివరికి ఏమైంది? ఆ ఫొటోలో ఉన్నవాళ్లనే అడిగి తెలుసుకు రమ్మంటారు. నలుగురిని పలకరించడానికి సిగ్గుపడే పిల్లలు ఈ వంకన మాట్లాడటం నేర్చుకుంటారు.

మూడోది పేరు. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది. ఇక్కడ తప్పు రాస్తే ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుంది. అమెరికాలోని మన తెలుగు పిల్లలకు ఈ బాధ ఎక్కువే. ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అనేది అక్కడివారికి అర్థం కాదు. పాస్‌పోర్టులో పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఆ స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదని దానర్థం! అందుకే రిజిస్టరును నమ్మి ఊరుకోకుండా, ఎవరి పేరు వాళ్లతోనే రాయించుకుని సరిచూడటం మంచి పద్ధతి.

నాలుగోది లెక్క. ఆటల్లో ముందుండేవాళ్లు ప్రతి పేజీలోనూ కనిపిస్తారు. వెనక బెంచీలో మౌనంగా కూర్చునే అమ్మాయి ఒక్కచోటా కనిపించదు. అందుకే ఎవరు ఎన్నిసార్లు వచ్చారో జూనియర్లతో టిక్కులు పెట్టిస్తారు. ఒక్కొక్కరూ కనీసం మూడుచోట్ల కనిపించాలన్నది చాలా బృందాల లక్ష్యం.

మౌస్ లాక్కోవద్దు!

నేర్పేవాళ్లకూ ఓ పరీక్ష ఉంది. గడువు రేపే. జూనియర్ చేసిన పేజీ బాగా రాలేదు. 'ఇటివ్వు, నేను చేసేస్తా' అని మౌస్ లాక్కోవాలనిపిస్తుంది. అలా చేస్తే పేజీ అందంగానే వస్తుంది. కానీ వచ్చే ఏడాది ఆ పేజీ చేసేవాళ్లే ఉండరు. పక్కన కూర్చుని, 'ఈ పేజీలో ముందు కన్ను ఎక్కడికి వెళ్లాలి?' అని అడిగి, వాళ్లచేతే దిద్దించాలి. ఈ ఓపిక పాఠ్యపుస్తకాల్లో దొరకదు.

రెండు శతాబ్దాల ముచ్చట

ఇది నిన్నమొన్నటి సరదా కాదు. 1806లో యేల్ కాలేజీ విద్యార్థుల నీడచిత్రాలతో వచ్చిన పుస్తకాన్ని తొలి ఇయర్‌బుక్‌గా చెబుతారు. అప్పటికి ఫొటోలే లేవు! 1860ల్లో బోస్టన్ ఫొటోగ్రాఫర్ జార్జ్ వారెన్ కాలేజీ పిల్లల ఫొటోలు తీసి అమ్మేవారు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని శిబిరాల్లో నిర్బంధించింది. కాలిఫోర్నియాలోని మంజనార్ శిబిరం బడి పిల్లలు ముళ్లకంచె మధ్యే 1943-44 సంవత్సరానికి 'అవర్ వరల్డ్' పేరుతో ఇయర్‌బుక్ తెచ్చారు. అదే శిబిరంలో బందీగా ఉన్న టోయో మియతాకే రహస్యంగా ఓ లెన్సు తెచ్చుకుని, చెక్కపెట్టెతో కెమెరా చేసుకుని అక్కడి బతుకును ఫొటోలు తీశారు. ఆ పిల్లలు చదివారనీ, ఆడారనీ, నవ్వారనీ చెప్పడానికి ఆ పుస్తకం సాక్ష్యంగా మిగిలింది.

మన బడుల్లో...

మనకూ లిఖిత పత్రికలు, స్కూల్ మ్యాగజైన్లు కొత్త కాదు. చాలాచోట్ల ఆ పని తెలుగు మాస్టారి నెత్తిన పడుతుంది. పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్షల బెంగ కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లల్ని సంపాదకుల్ని చేసి, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లను జత చేయొచ్చు. ఖరీదైన రంగుల పుస్తకమే కానక్కర్లేదు. 16 పేజీలు, అంటే ఒక్క ఫారం చాలు. రెండు షరతులు మాత్రం తప్పనిసరి... బడిలోని ప్రతి పేరూ అందులో ఉండాలి, ఒక్క పేరూ తప్పు పోకూడదు. మార్చిలో పుస్తకం చేతికొచ్చాక, జూన్‌లో ఆ పని నడిపేదెవరో పిల్లలకు అప్పటికే తెలిసి ఉంటే పెద్దలు నేర్పిన పాఠం ఫలించినట్టే!